ఆర్కేడ్ ఫైర్ తొలి ఆల్బమ్‌ను కర్ణాటక వయొలిన్ మీద వాయించాను: నా అనుభవం

మాంట్రియల్‌లో పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు వాయించుకునే ఒక చిన్న బృందం ఉంది. ఏడాదికో ఆల్బమ్ తీసుకుని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా, ఒక్కటీ వదలకుండా వేదిక మీద వాయిస్తారు. గత చలికాలానికి వాళ్లు ఎంచుకున్నది ఈ ఊరి బ్యాండే: ఆర్కేడ్ ఫైర్ తొలి ఆల్బమ్ ‘ఫ్యునరల్’. అందులో వయొలిన్లు లేకుండా పని జరగదు. ఆ బృందంలో డ్రమ్స్ వాయించే అతను మా ఆఫీసే. నేను వయొలిన్ నేర్చుకున్నానని ఎవరో చెప్పారట, వచ్చి అడిగాడు. సరే అనేశాను.

నేను నేర్చుకున్నది విజయనగరంలో, కర్ణాటక పద్ధతిలో. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు. అక్కడ పిల్లల్ని వయొలిన్‌కి పంపడం లెక్కల ట్యూషన్‌కి పంపినంత మామూలు. రాక్ సంగీతం నేను విననిది కాదు గానీ, వాయించాలని ఎప్పుడూ అనుకోలేదు.

ముందు ఆల్బమ్ కథ చదివాను. 2003లో మొదలుపెట్టి 2004 తొలి నెలల దాకా మాంట్రియల్‌లోనే హోటల్‌టూటాంగో అనే స్టూడియోలో రికార్డు చేశారు. పేరుకే హోటల్, లోపల టేపు మెషీన్లే. ఆ ఏడాది లోపలే బ్యాండ్‌లో ఇంటింటా ఒక చావు. పాడే రెజీన్ షసాన్య వాళ్ల బామ్మ పోయింది. బట్లర్ అన్నదమ్ములు విన్, విల్‌ల తాత, వాళ్లమ్మ తండ్రి, ఆల్వినో రే పోయారు. ఆయన కూడా సంగీతకారుడే, ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్‌కి పేరు తెచ్చినవాళ్లలో ఒకరు. రిచర్డ్ రీడ్ ప్యారీ ఇంట్లోనూ ఒకావిడ పోయారు. ఫ్యునరల్, అంటే అంత్యక్రియలు, అన్న పేరు అందుకే పెట్టారు. 2004 సెప్టెంబర్‌లో మెర్జ్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ విడుదల చేస్తే, మరుసటి ఏడాదికల్లా ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ తమ కచేరీలకు ముందు ఇందులోని ‘వేక్ అప్’ పాట మోగించుకుంటోంది, ఇంగ్లండ్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ వీళ్లతో కలిసి వేదికెక్కి పాడాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2022లో విన్ బట్లర్ మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు వచ్చాయి. ఇష్టం లేకుండా ఏదీ జరగలేదని అతను అన్నాడు. ఇప్పుడు ఈ పాటలు వాయించాలా అని మాలో పెద్ద చర్చే నడిచింది, ఒకమ్మాయి తప్పుకుంది. పాటలు బ్యాండంతా కలిసి కట్టినవి, అందరి పేరు మీదా ఉన్నవి అని నాకు నేను సర్దిచెప్పుకుని ఉండిపోయాను. ఆ సమాధానం ఇప్పటికీ నాకే పూర్తిగా ఆనదు.

ఇక పని. మొదటి చిక్కు శ్రుతి. మన వయొలిన్ స-ప-స-ప, కచేరీ మొత్తానికి ఒకే శ్రుతి. ఇక్కడ పాట పాటకీ ఆధారస్వరం మారిపోతుంది, మధ్యలో బిరడాలు తిప్పుకునే తీరిక ఉండదు. చివరికి తీగల్ని వీళ్ల పద్ధతిలోనే కట్టుకుని, ప్రతి పాటకీ ‘స’ ఎక్కడుందో వేళ్లకి కొత్తగా నేర్పాను. స్టాఫ్ నొటేషన్ నాకు కష్టం. విని స్వరాలు రాసుకున్నాను. పక్కన వాయించే రెండో వయొలినిస్టు ముందు నల్ల చుక్కల కాగితాలు, నా ముందు స రి గ మ పుస్తకం.

కూర్చోవడం మాత్రం వదల్లేదు. అందరూ నిలబడి గెంతుతూ వాయిస్తుంటే నేను డ్రమ్స్ పక్కన చెక్క బల్ల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ కొస కుడి మడమ దగ్గర ఆనించుకుని వాయించాను.

రెండో చిక్కు గమకం. నా వేలు ఊగకుండా ఉండదు. ఇద్దరం ఒకే వరస వాయిస్తున్నప్పుడు అవతలావిడ స్వరం నిలకడగా ఉంటే నాది కిందికీ పైకీ జారుతుంది, రెండూ కొట్టుకుంటాయి. స్వరం మీద వేలు పెట్టి కదపకుండా కమాను మాత్రమే లాగడం చిన్నప్పుడు సరళీ వరసల్లో చేసిన పని. మళ్లీ అక్కడికే వెళ్లాను. కొన్ని వారాలు పట్టింది, విసుగు కూడా వచ్చింది.

పది పాటల్లో నాలుగు ‘నైబర్‌హుడ్’ అనే పేరుతో మొదలవుతాయి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మొదటిదాంట్లో మంచు ఊరంతా కప్పేస్తే ఒక కుర్రాడు తన కిటికీ నుంచి ప్రియురాలి కిటికీ దాకా సొరంగం తవ్వుతాడు. మూడోదాని వెనక 1998 జనవరి మంచు తుఫాను ఉంది. తీగల మీద గడ్డకట్టిన మంచు బరువుకి కరెంటు స్తంభాలు కూలి, క్యూబెక్‌లో లక్షల ఇళ్లు చీకట్లో, చలిలో ఉండిపోయాయి. ‘హైతీ’ పాట రెజీన్ అమ్మానాన్నల దేశం గురించి, నియంత డువాలియే పాలనలో వాళ్లు వదిలి రావలసిన దేశం. అది ఆగకుండా నేరుగా ‘రెబెలియన్’లోకి వెళ్లిపోతుంది. ఆ మలుపులో కమాను ఎత్తకూడదు.

అసలు చిక్కు కాలం. ‘క్రౌన్ ఆఫ్ లవ్’ మూడు దెబ్బల నడకలో నెమ్మదిగా, బతిమాలుకుంటున్నట్టు సాగుతుంది. చివర్లో ఉన్నట్టుండి నాలుగు దెబ్బల పరుగు అందుకుంటుంది. ఫ్రెంచి పాట కూడా అంతే. ‘వేక్ అప్’లో అయితే అందరూ గొంతెత్తి అరిచిన తర్వాత పాట మొత్తం గంతుల్లోకి మారిపోతుంది. ప్రతిసారీ ఆ మలుపు దగ్గర నేను వెనకబడేదాన్ని. దుఃఖం పాటని ఎందుకిలా పరిగెత్తిస్తారు, రాగం పట్టుకుని నిలబడొచ్చు కదా అని లోపల ఒక పేచీ.

రెండేళ్ల క్రితం బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ పోయినప్పుడు నేను అందుకోలేకపోయాను. ఫోన్‌లో చూశాను. రాత్రంతా వాకిట్లో భజన. హార్మోనియం, డోలకు, తాళాలు. ప్రతి కీర్తనా నెమ్మదిగా ఎత్తుకుని, చివర్లో కాలం పెంచి, తాళాలు గలగలమనే దాకా తీసుకెళ్లి ఠక్కున ఆపేవాళ్లు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మా పిన్ని కూడా ఆ వేగం అందుకోగానే లేచి చప్పట్లు కొట్టింది. రిహార్సల్‌లో ఒక రోజు ‘క్రౌన్ ఆఫ్ లవ్’ పరుగు మొదలవగానే నాకు పిన్ని చేతులు కనిపించాయి. ఇక లెక్కపెట్టుకోవడం మానేశాను. ఆ రోజు నుంచి మలుపు దాటేస్తున్నాను.

అరవడం మాత్రం ఇంకా మిగిలింది. ఈ ఆల్బమ్‌లో మైకు లేనివాళ్లు కూడా అరవాలి, అదే దాని పద్ధతి. శ్రుతి తప్పితే తొడ మీద దెబ్బ తిన్న పిల్లని నేను, నా గొంతు లేవదు. “నీ గొంతు ఎవరికీ వినపడదు, కానీ నువ్వు అరుస్తున్నట్టు అందరికీ కనపడాలి” అన్నాడు డ్రమ్మర్. మంచి సలహాయే. వీడియో చూసి అమ్మ ఫోన్ చేసింది: “ఏటే ఆ అరుపులు? ఆ గోలలో నీకు శ్రుతెలా వినిపిస్తాదే?” వినిపించదు. వయొలిన్ తీగల కింది బ్రిడ్జికి అతికించిన పికప్ (చిన్న మైకు లాంటిది) నుంచి నా శబ్దం నాకు వచ్చేలా కాలి దగ్గర ఒక స్పీకర్ పెట్టించుకున్నాను. చెవుల్లో స్పాంజి బిరడాలు తప్పనిసరి, కొత్తగా వచ్చేవాళ్లు ముందు అవి కొనుక్కోండి.

ప్రదర్శన ఒక బార్ వెనక గదిలో. ‘వేక్ అప్’కి ముందు వరసలో నిలబడ్డ తాతగారొకాయన మాకంటే గట్టిగా పాడారు. చివరి పాట ‘ఇన్ ద బ్యాక్‌సీట్’లో కారు నడపక్కర్లేకుండా వెనక సీట్లో కూర్చోవడం ఇష్టమనే ఆవిడ, ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే ఆ చక్రం పట్టుకోవాల్సి వస్తుంది. దాని చివర వయొలిన్లకి చాలా పని. అక్కడ నేను ఒక్క గమకం వేశాను, కావాలనే. రెండో వయొలిన్ ఆవిడ నా వైపు చూసి, తనూ వేలు జార్చింది.

ఈ ఏడాది బ్యాండ్ రెండో ఆల్బమ్ అంటున్నారు, ఫార్నమ్‌లో ఒక చర్చి కొని అందులో రికార్డు చేసుకున్నది. దానికి పైప్ ఆర్గన్ కావాలి. మా కీబోర్డు అతను సెకండ్ హ్యాండ్‌లో ఏదో వెతుకుతున్నాడు. నేనైతే కొత్త స్వరాల పుస్తకం తెచ్చుకున్నాను.