కోబాల్ పడిందా? ముందు డేటా డివిజన్ తెరువు

మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసింది. "మామయ్యా, మా బ్యాచ్‌లో అందరికీ జావా, పైథాన్ వచ్చాయి. నాకు మాత్రం కోబాల్ పడింది. నా పని అయిపోయినట్టేనా?" అని ఒకటే దిగులు. కోబాల్ అంటే బ్యాంకుల్లో ఇప్పటికీ నడుస్తున్న పాత ప్రోగ్రామింగ్ భాష. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

కోబాల్ పని అయిపోయిందన్న మాట కొత్తదేం కాదమ్మా. 1990ల చివర్లో వైటూకే (2000 వస్తే రెండంకెల సంవత్సరాలు రాసిన ప్రోగ్రామ్‌ల తేదీలు తప్పుతాయన్న భయం) పుణ్యమా అని హైదరాబాద్ అమీర్‌పేటలో ఎక్కడ చూసినా మెయిన్‌ఫ్రేమ్ (కోబాల్ నడిచే పెద్ద కంప్యూటర్) కోచింగ్ బోర్డులే. నేనూ అక్కడే నేర్చుకున్నా. 2000 దాటితే దీన్ని అడిగేవాడే ఉండడన్నారు. కానీ 2020 ఏప్రిల్‌లో కరోనా దెబ్బకు నిరుద్యోగ భృతి దరఖాస్తులు పాత కోబాల్ సిస్టమ్ మీదికి వెల్లువెత్తితే, అమెరికాలోని న్యూజెర్సీకి అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్ళు సాయానికి రండని ప్రెస్‌మీట్‌లోనే అడిగారు.

ప్రోగ్రామ్ ఇవ్వగానే అందరూ నేరుగా చెయ్యాల్సిన పనులు రాసి ఉండే ప్రొసీజర్ డివిజన్‌కి పోతారు. నువ్వు ముందు ఏ ఫీల్డు ఎంత సైజో రాసి ఉండే డేటా డివిజన్ చదువు. అక్కడ 'పిక్ 9(5)వి99' అని ఉంటుంది. బ్యాంకు ఫారంలో గడికో అక్షరం రాస్తాం చూడు, అలాంటిదే. ఐదు అంకెలకు గడులు, పైసలకు రెండు. 'వి' అంటే చుక్క అక్కడ ఉన్నట్టు లెక్క, దానికి గడి ఉండదు. ఇప్పుడు ఆ ఫీల్డులోకి 1,23,000 మూవ్ చెయ్యి. ఎడమవైపు ఒకటి ఎగిరిపోయి 23,000 మిగులుతుంది. మామూలుగా ఎర్రర్ కూడా రాదు! జీతాల ప్రోగ్రామ్‌లో ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకో.

అలాగని కోబాల్‌ని తీసిపారెయ్యకు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడు, 0.30000000000000004 వస్తుంది. కోబాల్‌లో డబ్బు ఫీల్డులు మనం చేత్తో లెక్కేసినట్టే దశాంశాల్లో నడుస్తాయి. బ్యాంకులు దీన్ని అంత తేలిగ్గా వదలకపోవడానికి అదీ ఒక కారణమే.

ఆఫీసులో నీకు తరచూ ఎదురయ్యే ఎర్రర్ సాక్ సెవెన్ (S0C7). అంకెలు ఉండాల్సిన చోట ఖాళీలో, చెత్తో ఉండగా లెక్క చెయ్యబోతే జాబ్ అబెండ్ అవుతుంది, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోతుంది. లాజిక్ తప్పేమో అని రాత్రంతా కూర్చోకు. ముందు కాపీబుక్‌నీ (రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడుందో రాసిన ఫైలు), డేటా ఫైల్లో వచ్చిన రికార్డునీ పక్కపక్కన పెట్టు. ఎక్కడో ఒక ఫీల్డు జరిగి ఉంటుంది, లేదా మొదట్లో సున్నా పెట్టడం ఎవరో మరిచి ఉంటారు.

కోడ్‌లో ఏది ఏ కాలమ్ నుంచి రాయాలన్న లెక్కలు చిరాకే, కాదనను. ప్రోగ్రామ్‌ని రంధ్రాలుగా కొట్టే అట్టకి, అంటే పంచ్ కార్డుకి, 80 కాలమ్‌లు ఉన్న రోజుల నుంచి వచ్చిన పద్ధతి అది. పేరాల పేర్లు 8 నుంచి, వాక్యాలు 12 నుంచి. 72 దాటి రాసింది కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది) కంటికి కనిపించదు. జేసీఎల్ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్ళతో నడవాలో చెప్పే భాష) అయితే నాకు ఇప్పటికీ నచ్చదు. దాన్ని మొదటినుంచి రాసేవాడిని నేను చూడలేదు, అందరూ పాతది కాపీ కొట్టి మార్చేవాళ్ళే. నువ్వూ అదే చెయ్యి.

ఆఫీసులో యాక్సెస్ వచ్చేదాకా ఖాళీగా ఉండకు. గ్నూకోబాల్ అనే కంపైలర్ ఉచితం, నీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. శ్లాబుల ప్రకారం కరెంటు బిల్లు వేసే ప్రోగ్రామ్ రాయి. పది ఇళ్ళ యూనిట్లు ఒక ఫైల్లో పెట్టి చదివించు. మొదటిసారి స్క్రీన్ నిండా ఎర్రర్లు వస్తాయి, టెన్షన్ పడకు. అన్నిటికంటే పైనున్నది ఒక్కటి సరిచేసి మళ్ళీ కంపైల్ చెయ్యి, కింద సగం వాటంతటవే పోతాయి. అప్పటికీ కదలకపోతే కోడ్ వాట్సాప్‌లో పంపు, ఫొటో తీసి కాదు, ఫైలే పంపు. కాలమ్‌లు లెక్కపెట్టాలి కదా.