స్టెప్నీలో కోడి

ఆషాఢం, ఆదివారం రాత్రి.

ఈ రోజు హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకా వెళ్ళి, మళ్ళీ ఇంటిదాకా స్టెప్నీ లేకుండా బండి నడిపాను. పోను 30 కిలోమీటర్ల పైచిలుకు, రాను అంతే. దారి పొడవునా నా చెవులు టైర్ల మీదే ఉన్నాయి.

పొద్దున నాలుగున్నరకే పుంజు లేపింది. పక్కన అపార్ట్‌మెంటు లేచినప్పటి నుంచి దాని కూత మీద ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. మూడో అంతస్తు ఆయన చేతులు కట్టుకుని బాల్కనీలో నిలబడి ఉన్నాడు. బోనాలు వస్తున్నాయి కాబట్టి ఆ పుంజును ఎవరో ఒకరు కొనుక్కుపోతారని ఆయన ఆశ. ఈ వారంలో ఇద్దరు అడిగారు కూడా. గోల్కొండలో బోనాలు మొదలయ్యాయంటే చాలు, మనం చెప్పిన ధరకు సగం చెప్పే బేరగాళ్ళు గేటు ముందుకు వచ్చేస్తారు. నేను అమ్మలేదు. ఆయన మీద కోపంతో కాదు, మందలో సరైన పుంజు అదొక్కటే.

కోళ్ళ షెడ్డు తలుపు తీయగానే తడి రెట్ట ఘాటుకు కళ్ళు మండాయి. అంటే నేల తడిసిందన్నమాట. మూడు రోజుల ముసురుకు రేకుల సందుల్లోంచి జల్లు కొట్టి, ఒక మూలంతా ఊక బురదైంది. గుప్పెడు ఊక పిసికి చూస్తే విడిపోవాలి, ఇది ఉండకట్టింది. ఇలా వదిలేస్తే ముందు కోడిపిల్లలకు రక్తపారుడు పట్టుకుంటుంది. ఆ తర్వాత మందులకు పెట్టే డబ్బుతో రెండు లోడ్ల ఊక వస్తుంది. తడిసింది ఎత్తిపోసి, నేల మీద సున్నం చల్లేసరికి ఏడున్నరయింది. ఇంతలో చౌటుప్పల్ బియ్యం మిల్లు నుంచి ఫోను. మధ్యాహ్నంలోగా రాకపోతే ఊక ఇటుక బట్టీ వాళ్ళకు పోతుందట.

బండి కదిలి నెల కావస్తోంది. కిందటి నెలలో క్లచ్ ప్లేట్లు మార్పించిన బిల్లు చూశాక దాని దగ్గరికి వెళ్ళడమే మానేశాను. అన్నట్టు మా వీధిలో అందరూ దాన్ని డీసీఎం అంటారు. అది డీసీఎం కాదు, వేరే కంపెనీది. 1980ల్లో డీసీఎం టొయోటా బండ్లు వచ్చాక హైదరాబాదులో లారీ కంటే చిన్నది ఏదైనా డీసీఎం అయిపోయింది. దిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల మిల్లు పేరు చివరికి నా ఊక బండికి స్థిరపడటం నాకు భలే సరదాగా ఉంటుంది. మొదట్లో దిద్దేవాణ్ణి, ఇప్పుడు నేనూ డీసీఎం అనే అంటున్నాను.

తాళ్ళు, గోనెసంచులు వేద్దామని వెనక డాలా దింపాను. పడుకోబెట్టిన స్టెప్నీ మధ్యలో, రిమ్ము గుంటలో, రెండు ఎర్రటి కళ్ళు నన్నే చూస్తున్నాయి. మా నల్ల నాటుకోడి! పదమూడు రోజుల క్రితం కనిపించకుండా పోయింది. ముంగిస ఎత్తుకుపోయిందని తీర్మానించి, నేను ఒక పూట దిగులు కూడా పడ్డాను. మహాతల్లి ఇక్కడ పొదుగుతోంది. చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి కసిగా పొడిచింది. కింద తొమ్మిది గుడ్లు. వాటిలో రెండు గోధుమరంగువి, అంటే గ్రామప్రియ కోళ్ళవి. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన ఆ జాతి గుడ్లు బాగా పెడుతుంది కానీ, మా దగ్గర ఒక్కటీ పొదగలేదు. తమ గుడ్లు తెచ్చి దీని గూట్లో పెట్టి పోయాయి.

పొదుగు కోడిని కదిలించాలంటే చీకటి పడ్డాకే కదిలించాలి. పగలు కదిలిస్తే గుడ్లు వదిలేసి పోతుంది. కానీ ఊక చీకటిదాకా ఆగదు. మా ఆవిడ వచ్చి చూసి, "కోడిని ఎందుకు తీయడం, చక్రాన్నే దింపండి" అంది. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి మాటలకు నా దగ్గర జవాబు లేదు. కోడి మీద గోనెసంచి కప్పి చీకటి చేశాం. పక్కింటి అబ్బాయి ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని, వాలుగా వేసిన చెక్క మీదుగా చక్రాన్ని అంగుళం అంగుళం జార్చాం. సంచి కింద అది గొణుగుతూనే ఉంది గానీ లేవలేదు. వరండాలో మూలకు చేర్చాం.

ఇక బండి. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు. బ్యాటరీ పోయే దాకా కొట్టే వయసు దాటిపోయాను కాబట్టి ఆటోనగర్ మెకానిక్‌కు ఫోను చేశాను. "నెల రోజులు నిలబెట్టారుగా సార్, డీజిల్ లైన్లో గాలి పట్టి ఉంటుంది" అన్నాడు. ఫిల్టర్ మీది బోల్టును పానాతో వదులు చేసి చేతిపంపు కొడుతూ కూర్చున్నాను. ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్ ధార. బోల్టు బిగించి సెల్ఫ్ కొడితే రెండోసారికి అందుకుంది. నల్లటి పొగ నేరుగా మూడో అంతస్తు బాల్కనీకి వెళ్ళింది. అది నా తప్పు కాదు, గాలి అటు వీస్తోంది.

హైవే మీద పెద్ద అంబర్‌పేట దాటాక కుడి వెనక టైరు నుంచి టక్ టక్ మని చప్పుడు. ఆపి చూస్తే అరిగిన గాడిలో కంకరరాయి ఇరుక్కుంది. మేకు కానందుకు దానికి దండం పెట్టి పీకేశాను. మిల్లులో కుర్రాడు బండి కిందకు వంగి చూసి, "అన్నా, స్టెప్నీ ఏది?" అన్నాడు. కోడి పొదుగుతోందని చెప్పాను. నేను వేళాకోళం చేస్తున్నాననుకుని మొహం తిప్పుకున్నాడు.

ఊక దింపి, షెడ్డులో పరిచి, స్నానం చేసేసరికి ఎనిమిదయింది. చీకట్లో ఒక్కో గుడ్డునూ ఫోను లైటుకు అడ్డం పెట్టి చూశాను. ఏడింటిలో పిల్ల నల్లగా కట్టింది. గోధుమరంగువి రెండూ లోపల కాంతిగా, ఖాళీగానే ఉన్నాయి. తర్వాత పెట్టినవైనా అయి ఉండాలి, పుంజు దాటని కోళ్ళవైనా అయి ఉండాలి. అవి తీసేశాను, రేపు పొద్దున అట్టుకు. ఇరవై ఒక్క రోజుల లెక్కన ఇంకా ఎనిమిది రోజులు.

మా ఆవిడ గోడ క్యాలెండరులో ఎనిమిదో రోజు వెతికి, వచ్చే సోమవారం గడిలో 'కోడి' అని రాయబోయి ఆగిపోయింది. ఆ గడిలో నా చేతిరాతతో ముందే ఒక మాట ఉంది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా తప్పని పరీక్ష: 'ఫిట్‌నెస్'.