ఎర్ర మూత వచ్చినప్పుడే

ఈరోజు పని వినడానికి చిన్నదే. బెల్టు మీద సీసా మూతలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, పైన ఒక వెబ్‌క్యామ్ ఉంటుంది. ఎర్ర మూత వస్తే సోలినాయిడ్ (కరెంటు ఇస్తే కడ్డీని తోసే విద్యుదయస్కాంతం) దాన్ని పక్క డబ్బాలోకి నెట్టాలి, మిగతా రంగుల జోలికి పోకూడదు. బొమ్మలను విశ్లేషించే లైబ్రరీ ఓపెన్‌సీవీలో రంగు పట్టే కోడు పట్టుమని పది లైన్లు ఉండదు. రోజంతా తినేసింది ఆ పది లైన్లు కాదు. వాటికి ముందున్న వెలుతురు, వెనకున్న టైమింగు.

పొద్దున్నే చెయ్యాల్సింది కెమెరా అతితెలివిని ఆపడం. రంగులను తనంతట తనే సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆన్‌లో ఉంటే, ఎర్రటి వస్తువు ఫ్రేములోకి రాగానే కెమెరా బొమ్మలో ఎరుపు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అంటే మనం పట్టాల్సిన రంగునే అది కడిగేస్తుంది. ఎంతసేపు వెలుగు తీసుకోవాలో తనే తేల్చుకునే ఆటో ఎక్స్‌పోజర్‌దీ అదే దారి: తెల్ల మూత వస్తే బొమ్మంతా మసకబారుతుంది. లినక్స్‌లో కెమెరా సెట్టింగులు మార్చే వీఫోర్‌ఎల్‌టూ కమాండుతో రెండూ ఆపేసి, వైట్ బ్యాలెన్స్ 4600కి, ఎక్స్‌పోజర్ 100కి బిగించాను. ఆ 100 అంటే 10 మిల్లీసెకన్లు. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ 10 గానీ 20 గానీ మిల్లీసెకన్లు అయితే ప్రతి ఫ్రేముకూ వెలుగు సమానంగా అందుతుంది. 7 పెడితే చారలు పాకుతుంటాయి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 8.3 పెట్టాలి. కెమెరాను ఊడదీసి మళ్లీ పెడితే ఈ విలువలు పోవచ్చు. అందుకే ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ వీటిని పెట్టించి, తిరిగి చదివించి సరిచూసుకోవాలి.

ఓపెన్‌సీవీకి ఫ్రేము బీజీఆర్ (నీలం, ఆకుపచ్చ, ఎరుపు) వరసలో అందుతుంది. ఆర్‌జీబీ అనుకుని హెచ్‌ఎస్‌వీలోకి మారిస్తే ఎరుపు నీలం తారుమారవుతాయి. హెచ్‌ఎస్‌వీలో రంగు ఒక అంకెగా, గాఢత ఒకటిగా, వెలుగు ఒకటిగా విడిపోతాయి కాబట్టి నీడ పడినా రంగు అంకె పెద్దగా కదలదు. 360 డిగ్రీలు ఒక బైటులో (8 బిట్లు, 0 నుంచి 255) పట్టవు గనుక ఓపెన్‌సీవీ వాటిని సగం చేసి 0 నుంచి 179 వరకు ఇస్తుంది. ఆకుపచ్చ 60, నీలం 120. ఎరుపు మాత్రం రెండు కొసల్లోనూ ఉంటుంది: 0 నుంచి 8 దాకా కొంత, 172 నుంచి 179 దాకా కొంత. రెండు మాస్కులు (ఆ రంగు పిక్సెళ్లనే చూపే నలుపు తెలుపు బొమ్మలు) తీసి కలపడం అందరూ చేసేదే. నాకు నచ్చే పద్ధతి వేరు. రంగు అంకెకు 90 కలిపి 180తో భాగించి శేషం తీసుకుంటే ఎరుపు 90 చుట్టూ ఒక్కచోటికి చేరుతుంది, ఒక్క రేంజి సరిపోతుంది. అయితే కూడే ముందు 16 బిట్లలోకి మార్చాలి. 8 బిట్లలోనే కూడితే 179కి 90 కలిసి 255 దాటి చుట్టు తిరిగిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు, సగం ఎరుపు మాత్రం మాయమవుతుంది.

రేంజి ఎంతనేది స్లయిడర్లు జరుపుతూ కంటితో తేల్చే విషయం కాదు. అసలు దీపం కింద, నడుస్తున్న బెల్టు మీద రెండొందల ఫ్రేములు తీసి, మూత ఉన్న భాగం వరకే కత్తిరించి, ఆ పిక్సెళ్లలో 2వ, 98వ పర్సెంటైల్ (అడుగు 2 శాతం, పై 2 శాతం వదిలేసిన హద్దులు) చూసుకుని, అటూ ఇటూ కాస్త సందు వదలాలి. ఇక్కడ గాఢత 150కి పైన, వెలుగు 60కి పైన అని తేలింది. ఈ రెండు కింది హద్దులూ లేకపోతే గొడవే. నల్ల మూత మీదా బూడిదరంగు మీదా రంగు అంకెకు అర్థం ఉండదు, నాయిజు ఎటు లాగితే అటు పోతుంది, వాటి మీద ఎర్ర చుక్కలు మెరుస్తాయి. మనిషి చెయ్యి రంగు అంకె కూడా ఎరుపు, నారింజల మధ్యే పడుతుంది. బెల్టు సర్దడానికి చెయ్యి పెడితే సోలినాయిడ్ కొట్టకుండా ఆపేది గాఢత హద్దే.

మూతల మెరుపు ఇంకో తలనొప్పి. నున్నటి ప్లాస్టిక్ మీద దీపం నేరుగా పడితే ఆ మచ్చ తెల్లగా పేలిపోతుంది, మాస్కులో అక్కడ చిల్లు పడుతుంది. తెల్లటి పల్చని కాగితం అడ్డం పెట్టి దీపాన్ని పక్కకు వంచితే చాలావరకు పోయింది. అసలు మచ్చే లేకుండా చెయ్యడం, పడ్డాక కోడులో పూడ్చడం కన్నా ఎప్పుడూ చవక. మిగిలిన ఇసుకరేణువుల్లాంటి చుక్కలకు 5 పిక్సెళ్ల కెర్నెల్‌తో (చిన్న చదరంతో) ఎరోజన్, అంటే అంచులు కొరకడం, వెంటనే డైలేషన్, అంటే తిరిగి పెంచడం. మూతల అంచుల్లో కలిసిపోయిన రంగులూ దాంతోనే సన్నబడతాయి. వీడియోలో వెలుగుకున్నంత స్పష్టత రంగుకు ఉండదు కాబట్టి అంచు పిక్సెళ్లను నమ్మకూడదు.

మధ్యాహ్నం అంతా లెక్కలే. 640 పిక్సెళ్లలో 24 సెంటీమీటర్ల బెల్టు కనబడుతోంది. 3 సెంటీమీటర్ల మూత 80 పిక్సెళ్ల వ్యాసం, అంటే దాదాపు 5000 పిక్సెళ్ల వైశాల్యం. 3000 దాటితేనే మూతగా లెక్క. 8000 దాటితే రెండు మూతలు అతుక్కుని వస్తున్నట్టు. వాటిని కోడులో విడదీసే కన్నా బెల్టు మొదట్లోనే ఒక సన్నటి దారి పెట్టి విడదీయడం మేలు.

బెల్టు వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు. ఒక మూత 1.2 సెకన్లు కనబడుతుంది, 30 ఫ్రేముల కెమెరాకు అది 36 ఫ్రేములు. ఎరుపు కనబడితే కొట్టు అని రాస్తే 36 సార్లు కొడుతుంది. అందుకని ఫ్రేము మధ్యలో ఒక గీత ఊహించుకుని, మూత కేంద్రం ఆ గీత దాటిన క్షణాన్నే, అదీ అంతకుముందు వరసగా మూడు ఫ్రేముల్లో ఎరుపుగా కనబడి ఉంటేనే, సంఘటనగా తీసుకోవాలి. గీత నుంచి సోలినాయిడ్ 30 సెంటీమీటర్ల దూరం, అంటే 1.5 సెకన్లు ఆగి కొట్టాలి. ఇక్కడ ప్రోగ్రాంను ఆపి ఉంచే స్లీప్ పెట్టారో, ఆ ఒకటిన్నర సెకను కెమెరాను ఎవరూ చూడరు, వెనకొచ్చే మూతలు దొర్లిపోతాయి. కొట్టాల్సిన సమయాలను ఒక క్యూలో వేసి, ప్రతి ఫ్రేముకూ క్యూ మొదటిది చూసుకుంటూ పోవాలి.

అంతా సరిగ్గా ఉన్నా దెబ్బ మూత వెనకే పడుతుంటే దోషం ఫ్రేములు వేచి ఉండే బఫరుది. ప్రాసెసింగుకు 33 మిల్లీసెకన్లు (ఒక ఫ్రేము సమయం) దాటితే పాత ఫ్రేములు వరసలో పేరుకుంటాయి. నాలుగు ఫ్రేముల ఆలస్యమంటే 133 మిల్లీసెకన్లు, బెల్టు మీద 2.7 సెంటీమీటర్లు. దాదాపు ఒక మూతంత! బఫర్ సైజు 1 అని అడిగితే కొన్ని డ్రైవర్లు వినవు. ప్రోగ్రాంలోనే సమాంతరంగా నడిచే వేరే థ్రెడ్డు ఆగకుండా చదువుతూ చివరి ఫ్రేమునే ఉంచుకుంటే ఖాయం.

సోలినాయిడ్ 12 వోల్టులది, 1 ఆంపియర్ లాగుతుంది. ఈ ప్రోగ్రాం నడిచే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై. దాని పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు, మహా అయితే 16 మిల్లీఆంపియర్లు. మధ్యలో 3.3 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే మాస్ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) కావాలి. దాని గేటు (కంట్రోల్ కాలు) నుంచి గ్రౌండుకు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టకపోతే బూట్ అవుతున్నప్పుడే ఒక దెబ్బ పడొచ్చు. సోలినాయిడ్ కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు, గీత ఉన్న వైపు ప్లస్‌కు. అది లేకపోతే కాయిల్ వదిలిన ప్రతిసారీ వచ్చే వోల్టేజి పోటుకు మాస్ఫెట్ పోవచ్చు, యూఎస్‌బీ కెమెరా ఊడి మళ్లీ తగులుకోవచ్చు. అప్పుడు మనం కోడులో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం. పల్సు (ఒక్కో దెబ్బకు కరెంటు ఇచ్చే సేపు) 60 మిల్లీసెకన్లు చాలు. పిన్ను ఆన్‌లో ఉండగా ప్రోగ్రాం చస్తే కాయిల్ కాలిపోవచ్చు కాబట్టి ఆ 60ని 555 టైమర్ చిప్‌తో బయటే కొలిపించడం మంచిది.

సాయంత్రం కిటికీలోంచి ఏటవాలు ఎండ పడేసరికి ఎరుపంతా నారింజ వైపు ఒరిగింది. బెల్టు మీద గూడులా అట్ట కప్పాను. దాంతోపాటు ఫ్రేము మూలలో అదే ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఒకటి శాశ్వతంగా అతికించాను. ప్రతి ఫ్రేములో దాని రంగు అంకె కొలిచి, తేడా 5 దాటితే దెబ్బలు ఆపి బజర్ మోగించాలి. అర సెకను పాటు కొత్త ఫ్రేము రాకపోయినా బెల్టే ఆగిపోవాలి.