పళ్ళేల బాట

ఆదివారం రాత్రి, క్లేర్ కౌంటీ, ఐర్లాండ్

మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చాక బరెన్‌లోని స్లీవ్ కారన్ కొండ కిందికి వెళ్ళి, హేజెల్ పొదల మధ్య మిగిలి ఉన్న సెయింట్ కోల్మన్ ఆశ్రమ శిథిలాల దాకా నడిచి వచ్చాను. బరెన్ అన్న పేరుకు ఐరిష్‌లో రాతినేల అని అర్థం. మనిషిని ఉరితీయడానికి చెట్టుగాని, ముంచడానికి నీరుగాని, పూడ్చడానికి మట్టిగాని చాలని చోటని 1651లో, ఐర్లాండ్ మీదికి దండెత్తిన ఇంగ్లండ్ నాయకుడు క్రామ్‌వెల్ సేనాని ఎడ్మండ్ లడ్లో రాసింది ఈ సీమ గురించే.

ఆశ్రమం దగ్గరి రాతిబాటను ఇక్కడివాళ్ళు బోహర్ నా మీయస్, అంటే పళ్ళేల బాట అంటారు. ఏడో శతాబ్దంలో కోల్మన్ ఒక్క సేవకుడితో ఇక్కడ తపస్సు చేసుకుంటూ ఉండగా, ఈస్టర్ ముందరి దీర్ఘోపవాసం ముగిసిన రోజున ఆ సేవకుడు ఆకలికి తాళలేకపోయాడట. కోల్మన్ ప్రార్థించగానే, కిన్వారా వైపు తన కోటలో విందుకు కూర్చున్న గూరె రాజు ముందు నుంచి పళ్ళేలు లేచి ఆకాశమార్గాన కొండ దగ్గరికి వచ్చాయట. వాటి వెంట గుర్రాల మీద వచ్చిన రాజపరివారం కాళ్ళు, గిట్టలు రాతికి అతుక్కుపోయి, కోల్మన్ మళ్ళీ ప్రార్థించేదాకా ఊడిరాలేదట. ఆ గుర్తులేనంటూ చూపించే గుంటలు, వాననీటికి సున్నపురాయి కరగడం వల్ల ఏర్పడినవి. అయినా ఈ కారణం తెలిశాక కథ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది, ఎందుకంటే ప్రతి గుంటనూ అంత శ్రద్ధగా చూసినవాళ్ళకే ఇలాంటి కథ తడుతుంది.

నన్ను కదిలించింది మాత్రం సేవకుడి సంగతి. అన్నాళ్ళ పస్తు తరువాత ఒక్కసారిగా కడుపునిండా తిని అతను చనిపోయాడని చెప్పి, అతని సమాధి అంటూ ఒక చోటును చూపిస్తారు. కథలో రాజుకూ మునికీ పేర్లు ఉన్నాయి గాని నేను విన్నంతలో అతనికి పేరు లేదు. పేదవాడి ఆకలిని ఈ రాతిసీమ ఇన్ని తరాలు మరవకపోవడం నాకు చాలా గొప్ప విషయం అనిపిస్తుంది.

1839లో సర్వే శాఖ తరఫున జాన్ ఓ డోనవన్, యూజిన్ కర్రీ ఈ కౌంటీ అంతా తిరిగి, పల్లె జనం నోట స్థలనామాలు విని రాసుకున్నారు. అలా వినకపోతే ఎంత పోతుందో దగ్గరలోని పౌల్‌నబ్రోన్ రాతిసమాధి చెబుతుంది. ఆ పేరులో ఉన్నది తిరగలి రాళ్ళని పండితులు అంటున్నా, దుఃఖాల గుంట అన్న తప్పుడు అర్థమే సందర్శకుల్లో బాగా వ్యాపించింది.

పళ్ళేల మహిమ చూశాక గూరె రాజు కోల్మన్‌కు భూమి ఇచ్చాడని, అందులోనే కిల్‌మాక్‌డువా మఠం వెలిసిందని అంటారు. ముప్పై మీటర్లకు పైగా ఎత్తున్న అక్కడి ఒరిగిన గుండ్రటి గోపురాన్ని వచ్చే వారం చూడాలి.