బెంగళూరులో నా పని: న్యూక్లియస్ లోపల ప్రోటీన్ల పరుగు

ఇక్కడ మన తెలుగువాళ్ళు ఎవరు కలిసినా ముందు ఐటీనా అని అడుగుతారు, కాదండీ బయాలజీ అంటే మందుల కంపెనీ అనుకుంటారు. మా ల్యాబు బళ్ళారి రోడ్డు వైపు, బతికున్న కణం న్యూక్లియస్ లోపల ప్రోటీన్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయో కొలవడం నా పని.

ఇంటర్లో న్యూక్లియస్ అంటే ఒక గుండ్రం గీసి లోపల చుక్కలు పెట్టేవాళ్ళం కదా, ఆ బొమ్మ వల్ల లోపల అన్నీ కదలకుండా కూర్చుంటాయని మనసులో పడిపోతుంది. పైగా అటూ ఇటూగా 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉండే ఆ చోట దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ కుక్కి ఉంటుంది, ఇక ప్రోటీన్‌కి దారేది అనిపిస్తుంది.

ఎలా చూస్తామంటే, మనకి కావలసిన ప్రోటీన్‌కి జీఎఫ్‌పీ తగిలిస్తాం, అది జెల్లీఫిష్‌లో దొరికిన పచ్చగా వెలిగే ప్రోటీన్, 2008లో కెమిస్ట్రీ నోబెల్ దాని మీద పనికే. న్యూక్లియస్‌లో ఒక చిన్న చోట లేజర్ గట్టిగా కొడితే అక్కడ వెలుగు ఆరిపోతుంది, ఆరిన అణువులు మళ్ళీ వెలగవు, కాబట్టి ఆ నల్ల మచ్చ మళ్ళీ పచ్చబడిందంటే పక్కనుంచి వెలిగేవి వచ్చి చేరినట్టే, ఎంతసేపట్లో చేరాయో చూసి లెక్క కడతాం. దీన్ని ఫ్రాప్ అంటారు.

2000 ప్రాంతంలో ఇలా కొలిచి చూస్తే చాలా ప్రోటీన్ల విషయంలో సెకన్లలో మచ్చ మాయమైంది! డీఎన్ఏ దారంలా తమ చుట్టూ చుట్టుకునే హిస్టోన్లు అనే ప్రోటీన్లలో హెచ్3, హెచ్4 మాత్రం గంటల తరబడి కదలవు, కానీ ఆ చుట్టని పైనుంచి పట్టుకునే హెచ్1 నిమిషాల్లో మారిపోతుంది. స్టెరాయిడ్ హార్మోన్ రిసెప్టర్, అంటే హార్మోన్‌ని పట్టుకుని జీన్‌ని ఆన్ చేసే ప్రోటీన్ అయితే జీన్ దగ్గర సెకన్లే ఉండి వెళ్ళిపోతుంది, వెంటనే ఇంకొకటి వస్తుంది, అయినా జీన్ ఆన్ అవుతుంది. నన్ను ఈ పనిలో కట్టిపడేసింది ఇదే.

మైక్రోస్కోప్ స్లాట్ నాకు ఎక్కువగా రాత్రిళ్ళే దొరుకుతుంది. కణాలకి 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండాలి, మైక్రోస్కోప్ మీద కణాలు ఉంచే ఛాంబర్ ముందే ఆన్ చేసి వేడి కుదురుకోనివ్వాలి, లేకపోతే మా పాలమూరు జూనియర్ "అక్కా, ఫోకస్ జారిపోతోంది" అంటూ పిలుస్తూనే ఉంటుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న రోజూ "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అని అడుగుతాడు, నాకు ముందు వచ్చిన కన్నడ అదే.

నంద్యాల నుంచి నాన్న ఫోన్ చేసి ఇది ఏ రోగానికి పనికొస్తుందమ్మా అంటారు. చిన్నపిల్లలు ముసలివాళ్ళలా అయిపోయే ప్రొజీరియా అనే జబ్బు గురించి చెప్పాను, న్యూక్లియస్ గోడకి లోపల వలలా ఉండే లామిన్-ఎ అనే ప్రోటీన్‌లో తేడా వల్ల వస్తుందని 2003లో తేలింది, అలాంటి వల చెడితే లోపల ఏం మారుతుందో తెలియాలంటే ముందు మామూలు కణంలో కదలిక ఎలా ఉందో కొలిచి ఉండాలి కదా నాన్నా అన్నాను.

మన వైపు నుంచి ఈ ఫీల్డ్‌కి రావాలనుకునే పిల్లలకి ఒకటే చెప్తాను, బైపీసీ తీసుకున్నాం కదా అని లెక్కలు వదిలేయకండి, మచ్చ నిండే ఆ కర్వ్ నుంచి స్పీడు తీయాలంటే అణువులు ఎలా వ్యాపిస్తాయో చెప్పే డిఫ్యూజన్ ఈక్వేషన్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ కావాలి, ఇక్కడికొచ్చాక నేర్చుకోవచ్చు కానీ ముందే తెలిసుంటే మొదటి ఏడాది చాలా హాయిగా ఉంటుంది.