నా జబ్బుకు అమ్మ పడిన మాట

పై కడుపులో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోతూ, వాంతులు ఆగకపోతే దాన్ని గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నానమ్మ వాము నమిలించింది, నాన్న సోడా తెచ్చారు. పడుకుంటే నొప్పి పెరిగేది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గేది. పసరు వాంతి అయ్యాక నాన్న బండి తీశారు. గుంటూరు బ్రాడీపేట నుంచి కొత్తపేట ఆసుపత్రి ఎంత దూరమని? ఆ రాత్రి మాత్రం ఆ దారిలోని గతుకులన్నీ నా కడుపులోనే ఉన్నాయనిపించింది.

రక్తపరీక్షలు, స్కానింగ్, సెలైన్ అన్నీ చకచకా జరిగిపోయాయి. పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్) రాళ్లున్నాయి. వాటిలో ఒకటి జారి పిత్తనాళానికి అడ్డుపడటంతో క్లోమం (పాంక్రియాస్) వాచింది. పిల్లల్లో రక్తకణాల జబ్బుల వల్ల కూడా రాళ్లు వస్తాయట. ఆ పరీక్షలు చేసి, అది కాదన్నారు. ఇక కారణంగా మిగిలింది నా అధిక బరువు.

అప్పుడు డ్యూటీ డాక్టర్ అమ్మ వైపు తిరిగి, "ఇంట్లో వంట చేయరా అమ్మా? పిల్లను బర్గర్లు, చిప్స్‌తోనే పెంచారా?" అన్నారు. చుట్టూ ఉన్న మంచాల వాళ్లంతా అమ్మనే చూశారు. తెల్లవారకముందే లేచి పప్పు, కూర, పెరుగన్నం క్యారియర్‌లో సర్ది పంపే మనిషి మా అమ్మ. ఒక్క మాట కూడా బదులు చెప్పలేదు. చేతిలోని స్కానింగ్ కవరు అంచును గోటితో గీస్తూ నిలబడింది. ఆ అంచు చిరిగిపోయింది, అయినా గీస్తూనే ఉంది.

ఆ డాక్టరే ఆ రాత్రి నన్ను బతికించారు. మూత్రం తగ్గింది, నాడి వేగం పెరిగింది, ఐసీయూకు మార్చాలేమో అనుకున్నారు. ఆయన పక్క గదిలోకి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వచ్చేవారు. సెలైన్ వేగం తానే సరిచేసేవారు, కడుపు నొక్కి చూసేవారు. తెల్లవారుజామున మూత్రం సరిగా వచ్చిందని నర్సు చెప్పగానే కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నారు. ఆయన రుణం నేను తీర్చుకోలేను. అయినా అమ్మను అన్న మాటను ఈ రోజుకీ క్షమించలేకపోతున్నాను.

నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్నారు. నాలుక అట్టకట్టేది, అమ్మ తడి దూదితో పెదవులు తుడిచేది. ఎదుటి మంచం మీది బాబు కోసం గోడ టీవీలో కార్టూన్లు పెట్టారు. మధ్యలో ప్రకటన వచ్చింది: రంగురంగుల పెట్టె, అందులో బర్గరు, పక్కన ఒక బొమ్మ. కడుపులో అంత నొప్పి ఉన్నా నాకు నోరూరింది! ఆ వరుసలోని బొమ్మలు అప్పటికే కొన్ని నా దగ్గర ఉన్నాయి, మిగతావి కావాలనిపించింది. వరుస పూర్తి కావాలంటే మళ్లీ మళ్లీ కొనాలి, వాళ్లకు కావలసిందీ అదే. ఆ ప్రకటన అమ్మను ఉద్దేశించింది కాదు, నాన్నను ఉద్దేశించింది కాదు. నేరుగా నన్నే పిలిచింది.

ఇక మా బడి. క్విజ్‌లో గెలిస్తే బర్గరు కూపన్. ప్రార్థన సమయంలో అందరి ముందూ పిలిచి, చప్పట్లు కొట్టించి చేతిలో పెట్టేవారు. చప్పట్ల మధ్య అందుకున్న బహుమతిని ఇంటికి రాగానే చించేయమంటే ఏ తల్లికి చేతులు వస్తాయి?

"పిల్లల్ని అదుపులో పెట్టుకోవాల్సింది తల్లిదండ్రులు, ప్రభుత్వం వచ్చి ముద్దలు తినిపిస్తుందా?" అని మా పెదనాన్న ఇప్పటికీ వాదిస్తారు. తల్లిదండ్రుల బాధ్యతను నేను కాదనడం లేదు. మా అమ్మ దాన్ని రోజూ మోసింది. కానీ అమ్మ మాట ఇంటి గడప దాకే చెల్లుతుంది. గడప దాటాక ఎవరు చూడాలి? కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలో గాని, గేటుకు 50 మీటర్ల లోపల గాని అమ్మకూడదని, ప్రకటించకూడదని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. అవి 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. నాకు కూపన్ ఇచ్చింది ఆ తర్వాతే. కెనడాలోని క్యుబెక్‌లో 13 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలపై 1980 నుంచి నిషేధం ఉంది. చిలీ 2016లో ఇలాంటి తినుబండారాల ప్యాకెట్ల మీద నల్లటి హెచ్చరిక గుర్తులు పెట్టించి, కార్టూన్ బొమ్మలు తీయించింది, బొమ్మలు ఎరవేసి అమ్మడాన్ని ఆపింది. అక్కడ కూడా పిల్లలకు అన్నం పెట్టేది అమ్మానాన్నలే. చట్టం వాళ్ల పని లాక్కోలేదు, వాళ్లకు అండగా నిలిచింది.

వాపు తగ్గాక లాపరోస్కోపీతో, అంటే చిన్న గాట్లతో చేసే ఆపరేషన్‌తో, పిత్తాశయం తీసేశారు. మొదట గంజి, తర్వాత మెత్తటి అన్నం. అమ్మ మొక్కుకుందని మంగళగిరి కొండెక్కి పానకాల స్వామికి పానకం పోయించాం. స్వామి తాగి మిగిల్చిన పానకం చేతిలో పోసినప్పుడు అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ డాక్టర్ చేయి, ఆ స్వామి చూపు రెండూ కలిసే నన్ను కాపాడాయని నా నమ్మకం. ఇలాంటి జబ్బు వచ్చిన పిల్లలున్న వాళ్లకు ఒక మాట: భయంతో పిల్లల్ని పస్తులుంచకండి. బరువు హఠాత్తుగా తగ్గినా రాళ్లు రావచ్చు.

నాకు ఇంటర్ పూర్తయింది. తమ్ముడు అదే బడిలో చదువుతున్నాడు, వాడికీ మొన్న కూపన్ వచ్చింది. దాన్ని జతచేసి, నిబంధనల ప్రతితో ప్రధానోపాధ్యాయురాలికి ఒక అర్జీ, జిల్లా ఆహార భద్రత అధికారికి మరొకటి రాశాను. రెండింటి మీదా అమ్మ కూడా సంతకం చేసింది. జవాబు రాకపోతే మళ్లీ రాస్తాం, ఈసారి తమ్ముడి తరగతిలోని మిగతా అమ్మానాన్నల సంతకాలు కూడా తీసుకుంటాం.