మార్కులు కలవవు, అయినా రెండు రోజులు ఆశా అక్క వెంట వెళ్లండి

నీట్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ముందే ఒక మాట. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లో ఊరి సేవకు ఒక్క మార్కు కూడా కలవదు. సర్టిఫికెట్ కోసమైతే వెళ్లకండి.

మాది కోయిల్‌కొండ దగ్గర పల్లె. ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా పల్స్ పోలియోకి మనుషులు చాలడం లేదని మా ఆశా అక్క నన్ను పిలిచింది. ఆదివారం బూత్‌లో కూర్చున్నాం. ఐదేళ్లలోపు పిల్లలకు ఆమె రెండు చుక్కలు వేస్తుంటే, నేను ఎడమ చేతి చిటికెన వేలికి మార్కర్‌తో గుర్తు పెట్టేవాణ్ని. ఐస్ ప్యాకుల మధ్య నుంచి తీసిన ప్రతి సీసానూ అక్క కళ్ల దగ్గర పెట్టుకుని చూసేది. లేబుల్ మీద ఒక గుండ్రం, దాని లోపల చిన్న చతురస్రం ఉంటాయి. చతురస్రం లేత రంగులో ఉంటే టీకా పనికొస్తుంది. రెండూ ఒకే రంగుకు వచ్చాయంటే వేడి తగిలినట్టే, ఇక వాడకూడదు.

మర్నాడు ఇంటింటికీ తిరిగాం. పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద చాక్‌పీసుతో ‘పి’, ఎవరైనా మిగిలితే ఇంటూ గుర్తు. ఒక ఇంటికి తాళం వేసి ఉంది. పిల్లలు ఉన్న ఆనవాలేమీ కనపడక నేను ‘పి’ రాసేశాను. అక్క కొంగుతో తుడిచేసి ఇంటూ పెట్టింది. “తాళం ఉంటే పిల్లలు లేనట్టా బిడ్డా? పల్లికాయ పీకనీకి పోయిండ్రు. పొద్దుగూకినంక మళ్ల వద్దాం” అంది. సాయంత్రం వెళ్లేసరికి తల్లి మట్టి చేతులు కడుక్కుంటోంది. నానమ్మ ఒళ్లో ఎనిమిది నెలల పాప. చుక్కలు వేశాక గుర్తు పెట్టబోతే, నా వేలిని గట్టిగా పట్టేసుకుని వదల్లేదు.

మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువీకరణ దక్కింది. ఈ తేదీలు నాకు అంతకుముందే కంఠస్థం. తాళం వేసిన ఇళ్లకు రెండోసారి నడిచిన అక్కలు మాత్రం ఆ సాయంత్రమే కనిపించారు.

మొదటిసారి నాకు సీటు రాలేదు. దెబ్బ కొట్టింది ఫిజిక్స్. దానికి ఊరి సేవ ఏమీ చేయదు, లెక్కలు చేసుకుంటూ పోవాల్సిందే. 720లో 360 మార్కులు బయాలజీవి కదా, అందులో ఇమ్యూనిటీ చాప్టర్‌ని లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో నేను మళ్లీ బట్టీ పట్టలేదు. బలహీనపరిచిన వైరస్ అనగానే ఆ సీసా గుర్తొచ్చేది. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి. డిగ్రీలో చేరిపోరాదా అని నాన్న అడిగినప్పుడు, నాకు ఈ పనే కావాలని తడుముకోకుండా చెప్పగలిగాను.

వెళ్తే ఫస్టియర్‌లోనో, సెలవుల్లోనో వెళ్లండి. పరీక్షకు మూడు నెలల ముందు మాత్రం వద్దు, టెన్షన్ పెరుగుతుంది. సూది, మందు ముట్టుకోకండి. ఎవరికి ఏ జబ్బుందో విన్నది అక్కడే వదిలేయండి. రోగుల ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం చాలా తప్పు.

ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం (నర్సు) అక్కను నేరుగా అడగండి. టీకాల రోజు లైను చూడటం, పేర్లు రాయడం లాంటి పని ఉంటుంది. ఖాళీ దొరికితే ఒక పాప టీకా కార్డు అడిగి చూడండి: పుట్టిన రోజు, ఆరు వారాలు, పది, పద్నాలుగు, ఆపైన తొమ్మిది నెలలు. ఏ గడి ఖాళీగా ఉందో అక్కకు చూపించండి.